చలవపొరకు రెప్ప కుట్టిన కథ

ఇట్టా దగ్గరికి జరగండి తల్లీ, అంత దూరాన కూర్చుంటే నా మాట ఆ ఫ్యాను రెక్కలే తినేస్తాయి. కాళ్ళు ముడుచుకుని, ఒకళ్ళనొకళ్ళు గిల్లుకోకుండా వినండి. ఆ చిప్సు ప్యాకెట్టు ఖాళీ అయితే పారెయ్యబాకండి. చింపి లోపలి వైపు చూడండి. వెండి పూసినట్టు మెరుస్తోందా? ఇప్పుడు చెప్పబోయే కథకు మొదలూ అదే, చివరా అదే.

పలకలపాడు అని పల్నాట్లో ఒక ఊరుండేది. అక్కడ గునపం వేస్తే మట్టికన్నా ముందు నాపరాయి ఖంగుమంటుంది. గోడలు నాపరాయి, నేల నాపరాయి, గొడ్లు కుడితి తాగే తొట్టి నాపరాయి, ఆఖరికి ఇంటి కప్పు కూడా నాపరాళ్ళే. తక్కిన కాలాల్లో ఏ ఇబ్బందీ లేదు. ఎండాకాలం వచ్చిందా, ఆ రాయి పొద్దంతా ఎండను తాగుతుంది, పొద్దుగూకాక ఇంట్లో వాళ్ళ మీద కక్కుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరూ మాటవరసకు అంటారు. ఆ ఊళ్ళో మాత్రం అది మాటవరస కాదు. రోళ్ళే కాదు, మనుషులు కూడా పగిలిపోయేవాళ్ళు.

భ్రమరాంబ తండ్రి అలా పోయినవాడే. క్వారీలో పలక దించుతూ, "దాహంగా ఉందిరా" అని కూర్చున్నవాడు మజ్జిగ తెచ్చేలోపల ఒరిగిపోయాడు. అప్పటికి భ్రమరాంబ పదో తరగతి. ఆ పిల్ల ఏడవలేదని ఊళ్ళో వాళ్ళు ఆశ్చర్యపోయారు. అది ఏడుపు మానుకుని ఇంటి కప్పు వంకే చూస్తూ కూర్చుంది. పగవాణ్ణి చూసినట్టు చూసిందని వాళ్ళమ్మ సామ్రాజ్యం తర్వాత చెప్పుకునేది.

అన్న చెన్నకేశవులు తండ్రి చేసిన పనిలోకే దిగి చెల్లెల్ని చదివించాడు. చదువయ్యాక ఆమెకు పాలిస్టరు పొర తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, సరుకు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం దొరికింది. మొదటి సెలవుకు ఇంటికొచ్చినప్పుడు సంచిలోంచి ఒక చుట్ట తీసి అమ్మ ముందు పరిచింది. అద్దంలాగా ఉంది. కింద ఉన్న చాప నేత పోగు పోగూ కనబడుతోంది.

"ఏందే ఇది? పూతరేకు కన్నా పల్చగా ఉందే!" అంది సామ్రాజ్యం.

"పూతరేకులాగే చేస్తారమ్మా. బియ్యపు గింజల్లాంటి తెల్లటి గింజలు కరిగించి, చల్లటి రోలరు మీద పొరగా పోస్తారు. దాన్ని నిలువునా లాగుతారు, తర్వాత అడ్డంగా లాగుతారు. అట్టా లాగిందాన్ని మళ్ళీ వేడిలో పెడితే ఆ సాగుడు దానికి బలమైపోద్ది. చింపు చూద్దాం."

సామ్రాజ్యం తక్కువ మనిషేం కాదు. రెండు చేతులతో పట్టుకుని లాగింది, కాలితో తొక్కిపట్టి లాగింది. అది కిర్రుమంది తప్ప చినగలేదు.

"మీ మేనత్త పంతంలాగా ఉందే. ఎంత లాగినా ఒక్క మెట్టు దిగదు!"

భ్రమరాంబ నవ్వి, కత్తిపీట అంచుకు తగిలించి పొర అంచులో ఒక చిన్న గాటు పెట్టింది. "ఇప్పుడు లాగు." సామ్రాజ్యం వేలితో అలా లాగిందో లేదో, సర్రున రెండు ముక్కలైపోయింది. సామ్రాజ్యం ముక్కు మీద వేలేసుకుంది.

"గాటు పడనంతసేపే దీని బింకం. ఇంకో సంగతి. దీంట్లో వండొచ్చు, గడ్డకట్టించొచ్చు, దేన్నీ అది లెక్కచెయ్యదు. అన్నయ్య కాలు విరిగినప్పుడు ఎక్సరే తీశారే, ఆ నల్ల బొమ్మ దీని మీదే. నాన్న ఉన్నప్పుడు వినే క్యాసెట్టులో గోధుమరంగు రిబ్బను కూడా ఇదే. మొన్న అన్నయ్య నీకు కొన్న చీర జరీ ఉందే..."

"ఆఁ?"

"దీనికే మెరుపు పూసి, వెంట్రుకలాగా సన్నగా కోసి దారానికి చుట్టారు."

సామ్రాజ్యం లేచి నిలబడింది. "ఒరేయ్ చెన్నకేశవా! ప్లాస్టిక్కు చీర కట్టబెట్టావంట్రా నాకు? ఆ షావుకారు అసలు జరీ అని ఒట్టేశాడే!"

"నాకేం తెలుసమ్మా, మెరిసింది, కొన్నా" అన్నాడు చెన్నకేశవులు, అన్నం ముద్ద నోట్లోనే పెట్టుకుని. మూడు నెలల కిందట కాపురానికొచ్చిన కోడలు మాణిక్యం చెంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. అంతా బాగానే గడిచింది గానీ సామ్రాజ్యం ఆ చీర కట్టడం మానేసి పెట్టె అడుగున పడేసింది. ఆ చీర సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ల్యాబులోకి పోదాం.

పొరలకు వెండిపూత వేసి, వేడికీ చలికీ ఎలా నిలబడుతున్నాయో చూడటం భ్రమరాంబ పని. పైమనిషి వరదాచారి గారు, నెమ్మదస్తుడు, కోపం వస్తే కళ్ళజోడు తుడుచుకునే రకం. ఆమె పని అయిపోయాక మిగిలిన ముక్కలతో ఏవో ప్రయోగాలు చేసుకుంటుంటే ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

ఆమె వెతుకుతున్నది ఒకటే. మన నెత్తిన గాలి ఉంది కదా, దానికి ఒక కిటికీ ఉందట. వేడిలో ఒక రకం వేడి ఆ కిటికీలోంచి ఎవరికీ తగలకుండా బయటికి, చుక్కలుండే చోటికి వెళ్ళిపోగలదట. అక్కడ ఎప్పుడూ చలే. రాత్రి పూట ఆరుబయట గడ్డి మీద మంచు పడటం అందువల్లేనట. పగలు మాత్రం పోయేదానికన్నా సూర్యుడు పోసేది ఎక్కువ. పోసేదాన్ని అద్దంలా తిప్పికొట్టి, ఉన్నదాన్ని ఆ కిటికీలోంచి తోసెయ్యగల పొర చేస్తే? అదీ ఆమె పట్టుదల. పొర వెనక వెండి, ముందు గాజుపొడి, మధ్యలో ఆమె తయారుచేసిన ఒక పూత. ఎన్నిసార్లు చేసినా పూత పొడిపొడిగా రాలేది. ఒకసారి పొరను అడ్డంగా లాగడానికి ముందే పూత పూసి, రెండూ కలిపి లాగింది. పూత పొరతో బాటే సాగి, దాంట్లో కలిసిపోయింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఫ్యాక్టరీ డాబా మీద ఆ ముక్కను ఎండలో పరిచి, కాసేపటికి వెళ్ళి చూస్తే, దాని మీద నీటిబొట్లు. ఫ్యాక్టరీ ఉన్నది సముద్రపు గాలి తగిలే ఊళ్ళో కదా, ఆ గాలిలో తడి వచ్చి మంచులా కూర్చుంది. ఎండలో, వైశాఖంలో, పట్టపగలు మంచు! భ్రమరాంబ ఒక బొట్టును వేలితో తీసి నుదుటికి రాసుకుంది. అప్పుడొచ్చింది ఆ పిల్లకు ఏడుపు, ఎప్పటిదో పాతది.

వరదాచారి గారు వచ్చి ఆ బొట్లను వంగి చూశాడు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నాడు గానీ అది కోపం కాదు.

"అద్భుతం చేశావమ్మా. ఒక్కటి చెప్పు. ఇది వేడిని ఎంతవరకు తాగుతుంది? చాలు అని ఎక్కడ ఆగుతుంది?"

"ఆగడం దేనికి సార్? పల్నాటి ఎండకు ఆగాల్సిన పనే రాదు" అంది ఆమె.

ఆయన ఇంకేమీ అనలేదు. అనుంటే బాగుండేదని తర్వాత ఆయనే అనుకున్నాడట. సంతోషంలో ఉన్న పిల్లను ఆపడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది?

తర్వాతి ఎండాకాలం ముందు, పరీక్షకని చెప్పి ఆమె ఆ చలవపొర చుట్టలు తెచ్చి తన ఇంటికే వేసింది. కప్పు మీద ఒక పొర, లోపల రాళ్ళ కింద చాందినీలాగా ఇంకో పొర, రెంటినీ కలుపుతూ పలకల సందుల్లోంచి అరచేతి వెడల్పు పట్టీలు. లోపలి పొర తనకు ఎదురుగా ఉన్న వేడిని తాగుతుంది, పట్టీ మోస్తుంది, పైపొర ఆకాశంలోకి ఊదేస్తుంది. కరెంటు లేదు, చప్పుడు లేదు, నీళ్ళు అక్కర్లేదు. గోడకు ఒక థర్మామీటరు తగిలించింది. ఊళ్ళో ఎండ మండిపోతుంటే ఆ ముల్లు కార్తీకమాసంలో ఉండే చోటే నిలబడింది.

ఊరంతా సామ్రాజ్యం ఇంటికే చేరేది. తలుపులు తీసే ఉండేవి, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు. భ్రమరాంబ తండ్రితో కలిసి రాయి కొట్టిన గురవయ్య ముసలాడు అందరికన్నా ముందొచ్చి, పొర కింద నాపరాయి మీద వెల్లకిలా పడుకునేవాడు.

"అమ్మాయ్ భ్రమరా, నేను చచ్చిపోయానేమో ఒకసారి గిల్లి చూడవే. బతికుండగా ఇంత హాయి ఎవడిచ్చాడు నాకు?"

"చస్తే నీకు హాయి ఎందుకుంటది గురవయ్యన్నా, నువ్వు పొయ్యే చోట పొయ్యిలు మండుతుంటయ్" అంది సామ్రాజ్యం. ఇల్లంతా నవ్వింది. పైన పొరలో అందరి నవ్వు మొహాలూ వంకర వంకరగా కనిపించాయి.

అది ఎంత గొప్ప సంగతో మీకు అర్థం కాదు తల్లీ. మీరు పుట్టేటప్పటికే అంతా చల్లబడింది. ఆ ఏడు ఆ ఇంట్లో పిల్లలు చెమటకాయలు లేకుండా పడుకున్నారు, ముసలాళ్ళు మధ్యాహ్నం అన్నం సహించి తిన్నారు. గనులున్న ఊళ్ళన్నిటికీ చలవపొర వేయించే ఆలోచన చేస్తున్నామని జిల్లా నుంచి కబురు కూడా వచ్చింది. చూసి పోవడానికి అధికారులు వస్తామన్నారు. సామ్రాజ్యం కూతురి గురించి చెప్పని గడప లేదు.

ఒక్కదాని మీద మాత్రం ఆమెకు సణుగుడు ఉండేది.

"పెరుగు తోడుకోవట్లేదే నీ పొర కింద."

"చల్లగా ఉంటే తోడుకోదులేమ్మా."

"చల్లగా యాడుందే? చెమట పట్టనంత, అంతేగా? కార్తీకంలో తోడుకునేది ఇప్పుడెందుకు తోడుకోదు? ఇంకో వింత చెప్పనా. అదే కుండ తీసుకెళ్ళి ఆ మూల అటక కింద పెట్టా. తెల్లారేసరికి గడ్డపెరుగు. అదే పాలు, అదే తోడు, అదే గది."

"చేతివాటం మారుంటది" అంది భ్రమరాంబ, పట్టీలు సరిచేసుకుంటూ. విన్నది గానీ మనసులోకి పోనివ్వలేదు. సామ్రాజ్యం కుండను అటక కిందికి మార్చేసి, ఆ మాట అక్కడికి వదిలేసింది.

రోహిణి కార్తె వచ్చింది. మబ్బు తునక లేదు. గాలి ఎంత పొడిగా ఉందంటే ఆరేసిన బట్ట దండెం మీద వేసేలోపలే ఆరిపోయేది. ఆకాశం అద్దం తుడిచినట్టు నీలంగా ఉంది. ఒక మధ్యాహ్నం, ఇంకా నెల పైన గడువుండగానే మాణిక్యానికి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకు ఫోను చేస్తే, వడదెబ్బ తగిలిన వాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్తోంది, దించేసి వస్తుందన్నారు. ఊళ్ళో ఉండే నర్సమ్మ రూతమ్మ పరుగెత్తుకొచ్చింది. వచ్చిన కాసేపటికే కానుపైపోయింది. ఆడపిల్ల. పిడికెడంత ఉంది. ఏడ్చింది గానీ పిల్లిపిల్ల మూలిగినట్టు.

"బయట కొలిమిలాగుంది రూతమ్మా, ఈ ఎండకు బిడ్డ తట్టుకుంటదా?" అంది సామ్రాజ్యం.

"అదే పిన్నీ నా భయం. నెల తక్కువ బిడ్డ. వడ కొట్టకుండా చూసుకోవాలి, బండి వచ్చిందాకా."

అప్పుడు భ్రమరాంబ ముందుకొచ్చింది. ఇలాంటి గడియ కోసమే కదా ఆమె ఇన్నేళ్ళు కష్టపడింది! "బిడ్డను నడిమధ్య పొర కింద పడుకోబెట్టండి. ఊళ్ళో అంతకన్నా చల్లటి చోటు లేదు" అంది. తనే స్వయంగా బల్ల జరిపి, పాత చీర మడతేసి, దాని మీద మేనకోడల్ని పడుకోబెట్టింది. గోడ మీద థర్మామీటరు చూసింది. ముల్లు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

కొంతసేపటికి బిడ్డ మూలగడం మానేసింది. నిద్రపోయిందనుకున్నారు. రూతమ్మ మాణిక్యాన్ని చూసుకుని తిరిగొచ్చి, బిడ్డ పెదాలు చూసి గతుక్కుమంది. నీలంగా ఉన్నాయి.

"వడదెబ్బే!" అంది సామ్రాజ్యం. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఆమెకు ఇంకో జబ్బు పేరు తోచలేదు. "తడిగుడ్డ తేండే! ఒళ్ళు తుడవండి!"

ఆ ఊళ్ళో ఎవరైనా అదే చేస్తారు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళకు తెలిసిన చావు ఒకటే, ఎండ. రోహిణి కార్తెలో, పల్నాట్లో, మిట్టమధ్యాహ్నం ఒక బిడ్డ చలికి చచ్చిపోతుందని చెబితే నవ్వరా? చెన్నకేశవులు తడిగుడ్డ పిండి చెల్లెలి చేతికిచ్చాడు. భ్రమరాంబ బిడ్డ అరికాలి మీద ఆ గుడ్డ వెయ్యబోతూ, తన వేళ్ళ వెనక వైపు ఆ అరికాలికి తగలగానే ఆగిపోయింది.

ఆ స్పర్శ ఆమెకు తెలుసు. డాబా మీద పొరను ముట్టుకున్నప్పుడు అచ్చం అలాగే ఉంది.

చూపు పైకి పోయింది. పొర నిర్మలంగా మెరుస్తోంది, అందులో బిడ్డ బొమ్మ. తర్వాత అటక వంక చూసింది. అటక కింద, పొర కంటపడని చోట, పెరుగుకుండ. అదే పాలు, అదే తోడు, అదే గది.

"థర్మామీటరు గాలిని చెబుతోంది" అంది, ఎవరితోనో కాదు, తనతోనే. "పొర గాలిని తాగదు. ఎదురుగా ఉన్నదాన్ని తాగుతుంది. ఆకాశం ఎంత తేటగా ఉంటే అంత తాగుతుంది."

"ఏందే ఆ గొణుగుడు? గుడ్డ వెయ్యి!"

"వద్దమ్మా! బిడ్డకు వడ కాదు. చలి."

సామ్రాజ్యం కూతురి మొహంలోకి చూసింది. "పిచ్చెక్కిందా నీకు? బయట రోళ్ళు పగులుతుంటే చలేందే?"

"పెరుగు ఎందుకు తోడుకోలేదమ్మా మరి?"

అంతే. ఇంకొక్క మాట అక్కర్లేకపోయింది. సామ్రాజ్యం మనవరాలి కాలు పట్టుకుని చూసింది. చూడగానే కూతురి చేతిలోని తడిగుడ్డ లాగి అవతల పారేసింది.

"మంచం అటక కిందికి లాగు అన్నయ్యా! వదినా, బిడ్డను నీ గుండె మీదికి తీసుకో, మధ్యలో గుడ్డ పెట్టుకోబాక!" రూతమ్మ అప్పటికే బిడ్డను పొడిగా తుడిచి తల్లి రొమ్ము మీద బోర్లా పెట్టింది. కానీ పక్క నుంచి పొర ఇంకా వాళ్ళను చూస్తూనే ఉంది. మూలన ఉన్నా వెతుక్కుంటూ వచ్చి తాగుతూనే ఉంది.

చెన్నకేశవులు బల్లెక్కి పొరను రెండు చేతులతో పట్టుకుని, పలకలు ఎత్తే బలమంతా పెట్టి లాగాడు. అది కిర్రుమంది. చినగలేదు. మళ్ళీ లాగాడు, చేతులు కోసుకుని రక్తం వచ్చింది. అది చినగకుండా ఉండాలనే కదా చెల్లెలు నిలువునా అడ్డంగా లాగి తయారుచేసింది!

"లాగితే చినగదన్నయ్యా, దిగు" అంటూ భ్రమరాంబ కత్తిపీట తెచ్చింది. పొర అంచున, తను ఎన్నో ఏళ్ళు తపస్సు చేసి సాధించిన దాని అంచున, చిన్న గాటు పెట్టింది. వేలితో లాగింది. సర్రున పొర గది ఈ చివర నుంచి ఆ చివరికి చీలి, రెండు పాయలై కింద పడిపోయింది. వెనకాల నల్లటి నాపరాయి కనిపించింది, ఎప్పటి శత్రువో, కానీ ఆ క్షణానికి చుట్టంలాగా.

ఇంకొక పని మిగిలింది. చుట్టలకు పైన చుట్టి తెచ్చిన మామూలు వెండిపొర ఒకటి మూలన పడుంది. పూతా పాడూ లేనిది, మీ చేతిలో ప్యాకెట్టు లాంటిదే. అది వేడిని తాగదు, ఎవరి వేడిని వాళ్ళకే తిప్పి ఇచ్చేస్తుంది. భ్రమరాంబ దాన్ని తెచ్చి, మెరుపు లోపలికి పెట్టి, బిడ్డ మొహం బయటికి ఉంచి తల్లీబిడ్డలిద్దరి చుట్టూ చుట్టింది. ఒక పొర తీసుకున్నదాన్ని ఇంకో పొర తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. సామ్రాజ్యం వాకిట్లో ఎండకు కాలిన చిన్న పలక ముక్క తెచ్చి, పాత దుప్పటిలో చుట్టి కోడలి కాళ్ళ దగ్గర పెట్టింది.

మాణిక్యం బిడ్డ నడినెత్తి మీద పెదాలు పెట్టుకుని, "రావే, రావే" అని పిలుస్తూ ఉంది, దూరంగా ఆడుకుంటున్న పిల్లను అన్నానికి పిలిచినట్టు.

ముందు పెదాల నీలం విరిగింది. తర్వాత వేళ్ళు కదిలాయి. ఆ తర్వాత ఒక ఏడుపు వినబడింది చూడండి, ఈసారి పిల్లిపిల్ల కాదు, సామ్రాజ్యం మనవరాలే. గుమ్మం బయట ఎండలోనే నిలబడి ఉన్న గురవయ్య ముసలాడు, "అమ్మమ్మా, ఏం గొంతు! వెచ్చబడింది వెచ్చమ్మ!" అని అరిచాడు. ఆస్పత్రి వాళ్ళు తర్వాత ఏ పేరు రాసుకున్నా, ఆ పిల్లకు ఆ పేరే ఖాయమైపోయింది.

బండి వచ్చి తల్లీబిడ్డల్ని ఆ వెండిపొరతోనే తీసుకెళ్ళింది. పది రోజుల్లో ఇద్దరూ క్షేమంగా ఇంటికొచ్చారు.

కథ ఇక్కడ ఆపితే మీకు బాగుంటుంది. కానీ ఆపితే అబద్ధం చెప్పినదాన్నవుతాను.

అధికారులు వచ్చారు. చిరిగిన పొర చూసి ఏమైందని అడిగారు. ఎలక కొరికిందని చెప్పి కొత్తది వేసి చూపించెయ్యొచ్చు. వాళ్ళతో వచ్చిన వరదాచారి గారు, ఏం చెబుతుందో ఆమె ఇష్టానికే వదిలాడు. భ్రమరాంబ జరిగింది జరిగినట్టు చెప్పింది. దీనికి ఆగడం తెలియదు, ఆగడం నేర్పేదాకా ఏ ఇంటికీ వెయ్యొద్దంది. వాళ్ళు తలలూపి వెళ్ళిపోయారు.

చెన్నకేశవులు మాత్రం ఆ సాయంత్రం చెల్లెలితో తగువు పడ్డాడు.

"మన ఇంట్లోది చించావు, సరే. ఊరోళ్ళది ఎందుకాపావే? ప్రతి ఇంట్లో నెలలు నిండని బిడ్డ పుడుతుందా? ఎండకు పొయ్యేవాళ్ళు పోతూనే ఉంటారుగా!"

"తెలిసీ ఎట్టా ఇచ్చేదన్నయ్యా?"

"తెలిసీ ఎట్టా ఇయ్యకుండా ఉంటావే?"

ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ తగువు తీరలేదు. మరుసటి ఎండాకాలంలో, పొర లేని తన ఇంట్లో, తన రాతికప్పు కింద, గురవయ్య ముసలాడు మధ్యాహ్నం పడుకుని మళ్ళీ లేవలేదు. భ్రమరాంబ వచ్చి ఆయన తల దగ్గర కూర్చుంది. ఈసారి కప్పు వంక చూడలేదు. తన చేతుల వంక చూసుకుంది.

ఆ తర్వాత ల్యాబులో ఆమె పొరను ఆపడానికి ఎన్ని పూతలు మార్చిందో! ఆగే పొర చేస్తే ఎండకు చాలేది కాదు, చాలే పొర ఆగేది కాదు. విసిగిపోయి ఇంటికొచ్చి, మంచం మీద పడుకుని చెప్పుకుంది అమ్మతో.

"కన్నులాంటిదమ్మా అది. చూసిందల్లా తాగుద్ది. చూడకుండా ఉండటం దానికి రాదు."

సామ్రాజ్యం వెచ్చమ్మకు అన్నం కలుపుతోంది. "కన్ను చూడకుండా ఎట్టా ఉంటదే? రెప్ప వేసుకుంటే ఉంటది."

భ్రమరాంబ లేచి కూర్చుంది.

మామూలు వెండిపొరే రెప్ప. చాందినీ కింద తాడు లాగి తెరలాగా జరిపే ఏర్పాటు చేస్తే, కావాలన్న చోట తెరుచుకోవచ్చు, బిడ్డలూ బాలింతలూ పడుకున్న చోట మూసుకోవచ్చు. చెప్పడానికి తేలికే. సామ్రాజ్యం సూదీదారం తీసుకుని రింగులు కుట్టబోతే, సూది గుచ్చిన ప్రతి చోటా గాటే కదా, కుట్టు వెంబడి సర్రుసర్రున చినిగిపోయింది. అప్పుడు ఆ పెట్టె అడుగున పడేసిన చీర బయటికి తీసింది. జరీ అంచు కత్తిరించి, పొరకు రెండువైపులా అంటించి, కుట్టు ఆ గుడ్డ మీద పడేలా కుట్టింది. ఈసారి నిలబడింది.

"షావుకారు మోసం చేస్తే చేశాడులే" అంది, దారం పళ్ళతో తెంపుతూ. "దాని జాతి దానికే పనికొచ్చింది."

కొత్త పరీక్ష మొదలయ్యాక అంబలి పొద్దుటికి పులిసిందా, పెరుగు తోడుకుందా, కోడి గుడ్లు పిల్లలయ్యాయా అని చూసేవాళ్ళు. థర్మామీటరు గోడ మీద ఉండనే ఉంది, కానీ ఇప్పుడు పొర కింద ఒక పెరుగుకుండా ఉండేది. అధికారులు రెండోసారి వచ్చినప్పుడు సామ్రాజ్యం ఆ పెరుగే వేసి వాళ్ళకు అన్నం పెట్టింది. తర్వాత ఒక్కొక్క ఊరూ చల్లబడింది. మొదటి ఇల్లు గురవయ్యది. ఆయన లేడు, ఆయన భార్య ఉంది. ఆమె ఇంటికి పొర వేస్తున్నంతసేపూ చెన్నకేశవులే నిచ్చెన పట్టుకున్నాడు. కిందికి దిగేటప్పుడు చెల్లెలికి చెయ్యి అందించాడు.

వెచ్చమ్మ ఇప్పుడు పెద్దదైపోయింది. ఊరూరా తిరిగి పొరలు వేసే పని ఆమెదే. ఏ ఇంటికి పోయినా నిచ్చెన వెయ్యదు ముందు. లోపలికి పోయి, పసివాళ్ళెక్కడ పడుకుంటారు, ముసలాళ్ళెక్కడ పడుకుంటారు అని అడుగుతుంది. పొర వేశాక అక్కడ కూర్చుని, వాళ్ళ అరికాలికి తన చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తుంది. అరచెయ్యి పనులు చేసి మొద్దుబారి ఉంటుంది తల్లీ, వేళ్ళ వెనక చర్మమే నిజం చెబుతుంది. వెచ్చగా తగిలాకే పైకెక్కి రెప్ప తాడు ఎలా లాగాలో ఆ ఇంటి వాళ్ళకు నేర్పుతుంది. ఆ రెప్పకు ఇప్పటికీ జరీ అంచే వేస్తారు. ఎందుకని అడిగితే పనివాళ్ళకు తెలియదు. మీకు తెలుసు.

అందుకని ఆ ప్యాకెట్టు పారేసే ముందు ఒకసారి అరచేతికి చుట్టుకుని చూడండి. మీ వేడి మీకే తిరిగొస్తుంది. ఎంత పల్చనిది, ఎంత గట్టిది, ఎంత పని చేసింది! రేపు మీ ఇళ్ళల్లో పసిబిడ్డ పుట్టిన రోజున, పైన రెప్ప మూసి, అరికాలి మీద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి, అప్పుడు చెప్పండి ఈ కథ. గురవయ్య పేరు మాత్రం వదిలెయ్యబాకండి.